అరవయ్యో రోజు

2 ఏప్రిల్ 2019, మంగళవారం

యూనివర్సిటీ ఆఫీసులో ఇవాళ తేల్చి చెప్పారు. జూన్ ఇరవై ఎనిమిది ఆఖరు. ఆలోపు థీసిస్ నాలుగు కాపీలూ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరున్నరేళ్ళ ఫిజిక్స్ చిత్తుకాగితాల్లో కలుస్తుంది.

భార్య పోయినందుకు ఒకసారి పొడిగించారట. రెండోసారికి రూలు లేదట. "ఏక్ హీ బార్, రావ్‌జీ" అన్నాడు గుమాస్తా, వేలు చూపించి. రెండోసారి పోవడానికి నాకు ఇంకో భార్య లేదని అతనికి చెప్పలేదు.

పొద్దున కాలేజీలో పాఠాలు, మధ్యాహ్నం నుంచి ల్యాబ్. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఇదంతా ఎందుకని అడిగితే ప్రమోషన్ కోసం అంటాను. అడిగినవాళ్ళు వెంటనే ఒప్పుకుంటారు.

4 ఏప్రిల్

ఉమ పోయి ఎనిమిది నెలలు.

ఆ రోజు నేను మందుల కోసం కిందికి వెళ్ళాను.

9 ఏప్రిల్

తెలీబంధా బజారులో టైపు షాపువాడు ఆల్ఫా గుర్తు ఉన్న చోటల్లా మామూలు 'ఎ' కొట్టిపెట్టాడు, అరవై పేజీల నిండా. కాగితాలు వెనక్కి తెచ్చేశాను. నళినికి బీకాం పరీక్షలు అయిపోయాయి. నేను చేస్తాను నాన్నా అంది.

ఐదో అధ్యాయం దగ్గర ఆగింది. "ఇదేంటో థోడా చెప్పు నాన్నా. సమఝ్ అయితే టైపింగ్ జల్దీ అవుద్ది."

చెప్పాను. మందుబిళ్ళంత బిళ్ళలు. వాటికి గామా కిరణాలు సోకిస్తాం. ఆ శక్తిని అవి లోపల పట్టి ఉంచుతాయి. చీకటి గదిలో వేడి చేస్తే వెలుగుగా వదిలేస్తాయి. దాచిన కొద్దీ ఆ వెలుగు తగ్గిపోతూ ఉంటుంది. ఎన్నాళ్ళకి ఎంత తగ్గిందో కొలవడమే ఐదో అధ్యాయం. ఒకటో రోజు, ఏడు, పదిహేను, ముప్పై, నలభై ఐదు, అరవై, తొంభై. ప్రతిసారీ ఐదేసి బిళ్ళలు. ఒకసారి వేడి చేసిన బిళ్ళలో ఇక ఏమీ మిగలదు.

బంగారమ్మత్త చాట పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. ఉమ తల్లి, మా నాన్న చెల్లెలు. ఇచ్ఛాపురం వదిలి ఈ హిందీ ఊరికి వచ్చి నలభై ఏళ్ళయింది, మాట మాత్రం వదల్లేదు.

"ఎలుతురు దాసుకునే బిల్లలేటి? కరెంటు పోయినప్పుడు పనికొస్తాయా?"

"రావత్తా."

"మరి ఆరేళ్ళు ఏటి సేసేవురా?"

నళిని నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది. నాకు చిరాకేసింది.

15 ఏప్రిల్

కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ నా థీసిస్‌లో నలభై ఒక్క శాతం దొంగసరుకని తేల్చింది. ఎవరి దగ్గర దొంగిలించానా అని చూస్తే నా దగ్గరే. మూడేళ్ళ కింద నేనూ మా గైడు దేవాంగన్ గారూ కలిసి అచ్చు వేయించిన వ్యాసం అది.

"మీరు మీ ఇంట్లోనే కన్నం వేశారు రావ్‌జీ" అని ఆయన హిందీలో అన్నారు, నవ్వుతూ. ఆ వాక్యాలన్నీ వేరే మాటల్లో తిరగరాయాలట. నాకు ఒక విషయానికి ఒక వాక్యమే వస్తుంది.

24 ఏప్రిల్

ఎన్నికల డ్యూటీ. నాలుగు రోజులు పోయాయి. తిల్దా ఊరికి అవతల ఒక బడి, రెండు గదులు, ఒక ఫ్యాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ముసలాయన వచ్చి, ఓటు వేసి, వెళ్ళకుండా ఫ్యాను కింద కూర్చున్నాడు. రూలు ప్రకారం పంపేయాలి. అరగంట కూర్చోనిచ్చాను. నాలుగు రోజుల్లో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

తిరగరాయాల్సిన వాక్యాలు అలాగే ఉన్నాయి.

2 మే

థీసిస్ ఇచ్చే ముందు జరిగే సెమినార్ ఇవాళ. కమిటీలో ముగ్గురు, దేవాంగన్ గారు. మొదటి నాలుగు అధ్యాయాలకీ ఎవరూ నోరు తెరవలేదు. బయటి నుంచి వచ్చిన సభ్యుడు నా ల్యాబ్ నోటుబుక్ తెమ్మన్నాడు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"అన్ని రోజులూ ఐదు కొలతలు ఉన్నాయి. అరవయ్యో రోజున మూడే. మిగతా రెండు గళ్ళు ఖాళీ. ఎందుకని?"

అతను తేదీ చూశాడు. పక్కనున్న ఫైలు తీశాడు. 4 ఆగస్టు 2018. జూలై ఇరవై ఆరు నుంచి ఆగస్టు ఇరవై దాకా నేను సెలవు. కారణం దగ్గర, భార్య ఆసుపత్రిలో.

"ఆ రోజు మీరు ఇక్కడ లేరు కదా. మరి ఈ అంకెలు ఎవరివి?"

డిపార్ట్‌మెంట్ హెడ్ అతని వైపు వంగి మెల్లగా ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలుసు. అతను నోటుబుక్ మూసేశాడు. క్షమించండి అన్నాడు. తర్వాత, అయినా రాతపూర్వకంగా వివరణ కావాలి అన్నాడు. మే ముప్పై ఒకటి లోపు. అది లేకపోతే ఐదో అధ్యాయం ఒప్పుకోరు. ఐదో అధ్యాయం లేకపోతే థీసిస్ లేదు.

టీ ఇచ్చారు. బిస్కెట్ ప్లేటు రెండుసార్లు నా వైపే జరిపారు.

3 మే

దేవాంగన్ గారు క్యాంటీన్‌కి తీసుకెళ్ళారు. ఎప్పుడూ తీసుకెళ్ళరు.

"ఛోడ్ దీజియే ఉస్‌కో. ఆ రోజుని వదిలేసి ఒక కాగితం రాయండి. ఆ రోజు కొలతలు తీసుకోలేదు, బాధలో ఉండి తర్వాత అంచనాగా నింపాను, ఇప్పుడు తీసేస్తున్నాను అని. అందరితో మాట్లాడాను, సంతకం పెట్టేస్తారు. మిగిలిన ఆరు బిందువులతో గ్రాఫ్ నిలబడుతుంది. ఇంట్లో అంతటిది జరిగినవాణ్ణి ఎవరు తప్పు పడతారు?"

మంచి మనసుతో అన్న మాటే. పొద్దుటి నుంచి ఒళ్ళు మండుతోంది. అంచనాగా నింపడం. ప్రాక్టికల్స్‌లో ఆ పని చేసినందుకు ఇరవై మూడేళ్ళుగా పిల్లల్ని ఫెయిల్ చేస్తున్నాను.

కొలిచారా, లేదా అని మాత్రం ఆయన అడగలేదు.

4 మే

తొమ్మిది నెలలు.

మందుల కోసం కిందికి వెళ్ళాను. షాపు దగ్గర లైను పొడుగ్గా ఉంది.

6 మే

కొత్తగా పక్క వాటాలో దిగిన రంగనాయకమ్మగారు మజ్జిగ తోడుకి వచ్చారు. అత్త ఆవిడకి ఉమ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నేను బూట్లు వేసుకుంటున్నాను.

"మలేరియా మెదడుకెక్కీసిందమ్మా. తగ్గిందన్నారు, వార్డులోకి మార్సీసేరు. మా శివాజీ తొమ్మిది రోజులూ దాని మంచం కాడే. కాలేజీకి సెలవు, ఆ సదువుకి సెలవు. మందుకని కిందికెల్లిన పది నిమిషాల్లో అది ఎలిపోయింది. నాను ఇంటికాడ నిమ్మళంగా ఉన్నానంటే ఆడున్నాడనే కదమ్మా."

"అదృష్టవంతురాలండీ, అంత కనిపెట్టుకునే మనిషి" అన్నారావిడ.

బూట్ల తాడు ముడి రెండుసార్లు వేశాను. మోవాలో ఇంటి నుంచి యూనివర్సిటీ దాకా ఒక్క సిగ్నల్ దగ్గరా ఆగినట్టు గుర్తులేదు. ఆగే ఉంటాను.

9 మే

ల్యాబ్ అటెండర్ సాహుని పాత తాళాల రిజిస్టర్ అడిగాను. ఎందుకని అడగకుండా బీరువా కింద నుంచి లాగి, దుమ్ము దులిపి ఇచ్చాడు.

4-8-18. గది నంబరు పదకొండు. తాళంచెవి తీసుకున్న సమయం 9.55. సంతకం నాదే. తిరిగి ఇచ్చిన సమయం ఖాళీ.

"తర్వాతి నెల తెచ్చిచ్చారు సర్. నేనేం అడగలేదు" అన్నాడు సాహు.

అంటే అతనికి మొదటి నుంచీ తెలుసు.

10 మే

మందుల కోసం వెళ్ళలేదు. ల్యాబ్‌కి వెళ్ళాను.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా మందుల షాపు అనే రాసుకుంటూ వచ్చాను. షాపు దగ్గర లైను కూడా పెట్టాను.

రాస్తాను. శనివారం. పొద్దున్న ఉమ రెండు చెంచాల జావ తాగింది. జ్వరం లేదు. నర్సు, మేం చూస్తుంటాం వెళ్ళండి అంది. అత్తకి ఫోన్ చేసి, తొందరేం లేదు, నేనున్నాను, నువ్వు వంట చేసుకుని మధ్యాహ్నం రా అన్నాను. ఉమ వెళ్ళమంది. స్కూటర్ మీద పాతిక నిమిషాలు.

గది పదకొండులో ఎర్ర బల్బు తప్ప వెలుతురు ఉండకూడదు. ఫోను తెర వెలుగు తగిలినా బిళ్ళ చెడుతుంది. అందుకని ఫోను బయట బల్ల మీద పెట్టడం అలవాటు. అందరం అలాగే పెడతాం. మొదటి బిళ్ళ 10.20కి. రెండోది 10.55 నుంచి 11.10. మూడోది 11.35కి అయింది. నాలుగోదానికి పట్టకారు తుడవడానికి గుడ్డ కోసం బయటికి వచ్చాను. పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ వార్డు నంబరే.

ఆసుపత్రి కాగితంలో ఉమ పోయిన సమయం 11.05.

ఎక్కడికి వెళ్ళారని నర్సు అడిగితే మందుల షాపు దగ్గర అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నోటికి వచ్చింది. ఒంటిగంటకి అత్త క్యారేజీతో వచ్చింది. ఆమెకీ అదే చెప్పాను. సాయంత్రం నళినికీ అదే. తర్వాత ఎవరు అడిగినా అదే.

మర్నాడు చితి దగ్గర చొక్కా విప్పుతుంటే జేబులోంచి గది తాళంచెవి కింద పడింది. తీసి పంచె కొంగున కట్టుకున్నాను.

11 మే

ఉమ వెళ్ళమనలేదు.

"ఇవాళేనా బావా?" అంది.

"అరవయ్యో రోజు ఇవాళే" అన్నాను.

"సరే అయితే" అంది. అది వెళ్ళమనడం కాదు.

18 మే

నలభై ఐదు డిగ్రీలు. కూలర్ పంపు పాడైంది. దేవాంగన్ గారు మూడుసార్లు ఫోన్ చేశారు. "దో లైన్ కీ చిట్ఠీ హై రావ్‌జీ" అంటారు. నిజమే, రెండు లైన్లే.

ఆయన చెప్పినట్టే రాసి ఉంచాను. చదివితే బాగానే ఉంది. సంతకం పెడితే డిగ్రీ వస్తుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఆ రోజు నేను ల్యాబ్‌లో లేనని యూనివర్సిటీ ముద్ర వేసి మరీ ఒప్పుకుంటుంది. పోయేవి మూడు అంకెలు, మిగిలిన వెలుగు శాతాలు.

71.8. 73.1. 72.4.

ఆ రోజు గురించి నేను ఉన్నదున్నట్టు రాసినవి ఆ మూడే.

22 మే

సంతకం పెట్టలేదు. చించలేదు కూడా.

23 మే

కాలేజీ స్టాఫ్ రూములో అందరూ టీవీ ముందు. ఓట్ల లెక్కింపు. నన్ను ఎవరూ ఏమీ అడగని రోజు. హాయిగా ఉంది.

28 మే

నళినిని ఒక ఉత్తరం టైపు చేయమన్నాను. ఎవరికని అడిగింది. కమిటీకి అన్నాను. నేను వెనక నిలబడి చెబుతున్నాను, తను కొడుతోంది.

"4-8-2018 నాటి మూడు కొలతలూ నేనే స్వయంగా తీసుకున్నాను. ఆ రోజు ఉదయం 9.55 నుంచి 11.40 వరకు నేను గది నంబరు పదకొండులోని ల్యాబ్‌లో..."

'ల్యాబ్' అనే మాట దాకా వచ్చి వేళ్ళు ఆగాయి. తేదీ మీద వేలు పెట్టింది, తెర మీద.

"యే తో..." అంది. "నాన్నా, మెడికల్ షాపు?"

"లేదు."

"నాకు షాపు అన్నావు. నానమ్మకి కూడా." అమ్మమ్మ అనాలి. కంగారులో తప్పింది. 

"అవును."

నేను మిగతా వాక్యం చెప్పాను. కొలతలు మూడు వద్దనే ఎందుకు ఆగిపోయాయో చెప్పాలి కాబట్టి అదీ చెప్పాను. తను కొట్టలేదు. తర్వాత నేను చెప్పినదంతా మొదటి నుంచి చివరిదాకా, మళ్ళీ అడగకుండా, ఒక్క తప్పు లేకుండా కొట్టింది. ప్రింట్ తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మమ్మకి నువ్వే చెప్పు. నేను చెప్పను." తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

29 మే

అత్తకి చెప్పాను. పొద్దున్న, పూజ అయ్యాక. ఆమె మంచం మీద కూర్చుంది, నేను నిలబడ్డాను.

మొదట అర్థం కాలేదు. "ఆ తర్వాత రోజా?" అంది. కాదత్తా, ఆ రోజే అన్నాను.

"అయితే దాని కాడ ఎవరున్నారు?"

"నర్సులు."

"ఎవుళ్ళూ లేరు."

"లేరు."

"నాకు ఒక్క ముక్క సెప్తే ఎల్లీదాన్ని కదరా. నువ్వున్నానన్నావు. నాను వంకాయలు కోసుకుంటూ కూకున్నాను. ఆటో ఎక్కితే ఎంతసేపు? ఆ బిల్లల కాడికి ఎల్తున్నానని సెప్తే నాను వొద్దందునా?"

అనేది కాదు. అది నాకు అప్పుడూ తెలుసు. చెప్పడానికి ఎందుకో సిగ్గేసింది, భార్య ఆసుపత్రిలో ఉంటే ల్యాబ్‌కి వెళ్తున్నానని.

ఏడవలేదు. నా మొహం చూడకుండా, "పో, కాలేజీకి టైమైపోయింది" అంది. సెలవులు నడుస్తున్నాయి.

31 మే

ఉత్తరం, తాళాల రిజిస్టర్ పేజీ జిరాక్స్ ఇచ్చాను. దేవాంగన్ గారు నిలబడే చదివారు. కళ్ళజోడు తీశారు.

"మీరు కొలిచారనే అనుకున్నాను. అబద్ధం రాసేవాడు ఐదూ రాస్తాడు. మూడు రాసి ఆపడు."

"అయితే ఆ కాగితం ఎందుకు రాయమన్నారు సర్?"

"మీరు ఆ రోజు ల్యాబ్‌లో లేరని చెప్పుకోవడం మీకు తేలికేమో అనుకున్నాను."

తేలికే. ఆయన మీద ఇన్నాళ్ళూ పెట్టుకున్న కోపాన్ని ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు.

12 జూన్

కమిటీ ఒప్పుకుంది. మూడు కొలతలు చాలట. పట్టిక కింద ఒక గమనిక: 'అనివార్య కారణాల వల్ల రెండు కొలతలు తీసుకోలేదు.' అనివార్య కారణాలు. వాళ్ళ మాట అది.

అత్త నాతో మాట్లాడటం మానేసి రెండు వారాలు. కంచం పెడుతుంది. నీళ్ళు పెడుతుంది. చెప్పాల్సింది నళినితో చెబుతుంది. "మీ నాన్నని గేస్ బుక్ సెయ్యమను." నేను పక్కనే ఉంటాను.

నళిని మాట్లాడుతుంది. అవసరమైనంత.

20 జూన్

బైండింగ్ వాడు వీపు మీద నా పేరు తలకిందులుగా అచ్చు వేశాడు. నాలుగు కాపీలూ. "క్యా ఫరక్ పడ్తా హై సర్, అందర్ తో సీధా హై" అన్నాడు, లోపల తిన్నగానే ఉంది కదా అని. మళ్ళీ చేయించాను.

27 జూన్

ఇచ్చేశాను. గడువుకి ఒక రోజు ముందు, మధ్యాహ్నం మూడున్నరకి. గుమాస్తా స్కేలు పెట్టి మార్జిన్ కొలిచాడు. రసీదు ఇచ్చి, "ముబారక్ హో రావ్‌జీ" అన్నాడు. ఇంక వేరే ఊళ్ళ పరీక్షకులు చదవాలి, మౌఖిక పరీక్ష జరగాలి. ఏడాది పట్టవచ్చు. నేను చేయాల్సింది అయిపోయింది. సంతోషం వస్తుందేమోనని పార్కింగ్‌లో కాసేపు స్కూటర్ దగ్గర నిలబడ్డాను. వాన మొదలైంది.

ఇంటికి వచ్చేసరికి నళిని తలుపు తీసి, "హో గయా?" అంది. అయిందన్నాను. తల ఊపి టీ పెట్టడానికి వెళ్ళింది.

అత్త వరండాలో దండెం మీంచి తెచ్చిన బట్టలు మడతపెడుతోంది. నేను దాటి వెళ్ళబోతుంటే పిలిచింది. నెల తర్వాత.

"ఒరే శివాజీ. ఒక మాట అడుగుతాను. ఉన్నదున్నట్టు సెప్పు."

కూర్చున్నాను.

"ఆ బిల్లలు మర్నాడు సూస్తే పాడైపోతాయేటి?"

ఆరున్నరేళ్ళలో ఇది ఎవరూ అడగలేదు. దేవాంగన్ గారు అడగలేదు, కమిటీ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. ఐదో అధ్యాయంలో వంపు తిరిగిన ఆ గీత ప్రకారం, అరవయ్యో రోజుకీ అరవై ఒకటో రోజుకీ తేడా పావు శాతం. ఆ మూడు అంకెల మధ్య ఉన్న తేడాయే అంతకు ఐదు రెట్లు. మర్నాడు తీసి, అరవై ఒకటి అని రాస్తే గ్రాఫ్ మీద బిందువు సూదిమొనంత పక్కకి జరిగేది. వారం తర్వాత తీసినా అధ్యాయం నిలబడేది.

"పాడవవు అత్తా. మర్నాడు చూసినా అదే వచ్చేది."

చేతిలో ఉన్న తువ్వాలు మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"ఆ మాట దానికి తెలుసా?"

"తెలీదు. ఆ రోజే చూడాలని చెప్పాను."

అత్త ఆ తువ్వాలుని మడతపెట్టిన బట్టల మీద పెట్టింది.

"అయితే తప్పనిసరై ఎల్లేవనే అనుకుని పోయుంటాది" అంది. "పోనీలే. అలాగే అనుకోనీ."